పోటు మట్టం, అటూ ఇటూ రెండంగుళాలు

రెండు కాగితాలు పక్కపక్కన పరిచి ఓవర్సీరుగారు అన్న మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"చూడమ్మా, ఇదీ కొలతంటే. నీది కొలత కాదు, కోడి గీకుడు."

కొలత అని ఆయన వేలు పెట్టి చూపించింది మైపాడు పెద్దాయన చదివిన నీటి మట్టాలతో గీసిన గీత. అందులో ఎక్కడా కుదుపు లేదు. నున్నగా పైకి లేచి, నున్నగా కిందికి దిగింది. నేను చదివిన మట్టాల గీత మాత్రం గంటగంటకూ ఎగిరెగిరి పడుతోంది. రెండూ ఒకే కాలవ మొగలో, ఒకే కొయ్య మీద చదివినవి. చూసినవాళ్ళెవరైనా పెద్దాయన గీతనే నమ్ముతారు. అందంగా ఉన్నదాన్ని నమ్మడం మనిషికి అలవాటు. నా పోట్లాటంతా ఆ అలవాటుతోనే.

ఇది అరవైల మొదట్లో సంగతి. మైపాడుకు కాస్త పక్కగా ఒక మురుగుకాలవ సముద్రంలో కలుస్తుంది. వానలప్పుడు పొలాల నీళ్ళు దాని గుండా సముద్రంలోకి పోతాయి. పోటు వచ్చినప్పుడు సముద్రపు నీళ్ళు అదే దారిన వెనక్కి తోసుకొచ్చి పొలాల్లో పడతాయి. అలా పడ్డ మడి రెండేళ్ళదాకా పండదు. అందుకని కాలవ సముద్రంలో కలిసేచోట, మొగ దగ్గర తూము కట్టి, రెండు పక్కలా కరకట్ట పోయాలని ప్రభుత్వం తలపెట్టింది. కట్ట ఎంత ఎత్తుండాలో తేలాలంటే పోటు ఎంత ఎత్తు వస్తుందో తెలియాలి. దానికోసం మొగలో అడుగులూ అంగుళాలూ గీసిన ఒక కొయ్య పాతారు. పగటిపూట గంటకొకసారి నీళ్ళు ఏ గీత దగ్గరున్నాయో చూసి పుస్తకంలో రాయాలి. ఒడ్డున తాటాకు షెడ్డులో కూర్చుని ఆ అంకెలతో లెక్క కట్టడం నా పని. ఆ ఉద్యోగాన్ని కాగితాల మీద 'కంప్యూటర్, తాత్కాలికం' అని రాసేవాళ్ళు. నా దగ్గర ఉన్న యంత్రమల్లా చేత్తో తిప్పే లెక్కల మిషను ఒక్కటే.

మాది కోవూరు. వరి పండించుకునే కుటుంబం. నాన్న నన్ను గణాంకశాస్త్రం చదివించాడు. అదేమిటని ఎవరైనా అడిగితే "లెక్కల్లోనే ఏదో పెద్ద లెక్క" అని చెప్పి తప్పించుకునేవాడు. అక్కను ఈ కాలవ ఒడ్డు ఊళ్ళోనే ఇచ్చారు. అక్కాబావలకున్న రెండెకరాలూ కాలవ గట్టు పక్కనే. నేను ఉద్యోగంలో చేరిన ఏడే ఉప్పునీళ్ళు పడి వాళ్ళ మడి తెల్లగా చౌడు తేలింది. నేను వాళ్ళింట్లోనే ఉండి రోజూ షెడ్డుకు నడిచి పోయేదాన్ని. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత దీన్నే పట్టుకుని నన్ను అనరాని మాటలన్నారు గనక, నేను ఏదీ దాచలేదని చదివేవాళ్ళకు తెలియాలి.

కాలేజీలో నాకు నేర్పింది ఇది. కొయ్య దగ్గర కనిపించే నీళ్ళలో రెండు కలిసి ఉంటాయి, పోటూ, అలలూ. పోటు చంద్రుణ్ణి పట్టుకుని వస్తుంది కాబట్టి దాని వరస మనకు ముందే తెలుసు. తెలియనివి రెండే. ఈ మొగలో అది ఎంత ఎత్తు లేస్తుంది, చంద్రుడు నడినెత్తికి వచ్చిన ఎంతసేపటికి లేస్తుంది. ఆ రెండూ చెప్పే కబురు అలల రొదలో కలిసి మన దగ్గరికి వస్తుంది. రొదను ఆపలేం, ఆపక్కర్లేదు కూడా. గడియారం చూసుకుని, ఆ క్షణాన నీళ్ళు ఎక్కడుంటే అక్కడ చదవాలి. అల మీదుంటే మీద, కిందుంటే కింద. అలా చదివిన ఏ ఒక్క అంకె కూడా సరైంది కాదు. కానీ ఆ తప్పులు ఒకసారి పైకి పోతాయి, ఒకసారి కిందికి పోతాయి. వందల అంకెలు పోగేసి, ఏ పోటును అనుకుంటే మిగిలిన తేడాల వర్గాలన్నీ కలిపితే అతి తక్కువ అవుతాయో వెతికితే, రొద తనను తానే కొట్టేసుకుంటుంది. కబురు మిగులుతుంది. ఆ కబురును ఎంతవరకు నమ్మొచ్చో కూడా మిగిలిన తేడాలే చెబుతాయి. ఈ చివరి మాటంటే నాకు ప్రాణం. ఇంత తెలుసు అని చెప్పే చదువులు చాలా ఉన్నాయి. ఎంత తెలియదో కూడా లెక్కకట్టి చెప్పేది నా చదువు.

కొయ్య చదవడానికి ఇద్దర్ని పెట్టారు. ఒకరు పెద్దాయన. నలభై ఏళ్ళు తెప్ప మీద వేటకు పోయి, మోకాళ్ళు పట్టేసి రెండేళ్ళుగా ఒడ్డునే ఉంటున్న మనిషి. రెండో ఆయన జ్వరమొచ్చి మానేస్తే, రోజు విడిచి రోజు నేనే చదివాను. కుచ్చెళ్ళు పైకి దోపుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడితే దారినపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. చూడనీ అనుకున్నాను.

నెల తిరిగేసరికి రెండు లెక్కలు తేలాయి. నా అంకెలతో కట్టిన పోటు పెద్దాయన అంకెలతో కట్టిన పోటుకన్నా దాదాపు అరడుగు ఎత్తుంది. ఓవర్సీరుగారు కోడి గీకుడు అన్నది అప్పుడే. నా అంకెలు తీసి పక్కన పడేసి, పెద్దాయన లెక్కనే సాపు ప్రతి రాయమన్నారు.

నిజం చెప్పాలంటే ఆ రోజు నేను నోరెత్తలేదు. పెద్దాయన లెక్కలో మిగిలిన తేడాలు నావాటిలో పావు వంతు కూడా లేవు. పుస్తకం ప్రకారం చూసినా ఆయనదే నమ్మదగ్గ కొలత. ఇంటికొచ్చి అక్కతో చెప్పాను.

"అరడుగంటే ఎంత?" అంది అక్క, బియ్యం చెరుగుతూ.

చెయ్యి చాపి చూపించాను. చేట కింద పెట్టి నా చేతినే చూస్తూ కూర్చుంది.

"పోయినసారి మన గట్టు దాటింది ఇందులో సగం కూడా ల్యా" అంది.

ఆ మాటతో నాకు అన్నం సయించలేదు. మళ్ళీ పుస్తకాలు ముందేసుకున్నాను. ఈసారి తేడాలు ఎంతున్నాయని కాకుండా, ఎటున్నాయని చూశాను. ఆయన చదివిన రోజులన్నీ, నేను చదివిన రోజులన్నీ ఒకే పోటు మీద పెట్టి చూస్తే ఆయన అంకెలు ఒక్కటి కూడా తప్పకుండా కింది పక్కనే ఉన్నాయి. సముద్రం కాస్త రేగిన రోజు ఇంకా కిందికి పోయాయి. రొద అయితే రెండు పక్కలా పోవాలి. ఒకే పక్కకు పోతోందంటే అది రొద కాదు, ఎవరో పట్టి లాగుతున్నారు. ఎవరు, ఎందుకు అన్నదే తెలియలేదు. పెద్దాయన అబద్ధం రాసే మనిషి కాదు.

మర్నాడు ఆయన చదువుతుంటే పక్కనే నిలబడ్డాను. టైంపీసును తుండుగుడ్డలో చుట్టి పెట్టుకుని ఉన్నాడు. గంట కాగానే లేచి నీళ్ళలోకి దిగి కొయ్య ముందు నిలబడ్డాడు. చదవలేదు. సముద్రం వైపు చూస్తూ పెదాలు కదుపుతున్నాడు. పెద్ద అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి పోయాయి. నీళ్ళు వెనక్కి జారి, మొగంతా ఒక్క క్షణం పడుకున్నట్టయింది. అప్పుడు వంగి గీత చదివాడు.

"ఎందుకు పెద్దయ్యా ఆగినారు?"

"ఆగకుండా ఎట్టా చూసేది పాపా? అల మీదున్నప్పుడు కనపడేది అల గదా. అది దిగినాక ఉండేదే నీళ్ళు."

నాకు విషయం అర్థమైంది. తెప్ప నీళ్ళలోకి తొయ్యాలంటే పెద్ద అలల వరస పోయేదాకా ఆగాలి. ఆ నెమ్మదిని పట్టుకోవడమే ఆయన పని, ఆయన బతుకు. అది పట్టుకోలేని వాళ్ళ తెప్పలు బోర్లాపడతాయి. నలభై ఏళ్ళు ఆ నెమ్మదినే సముద్రం అనుకున్న కన్ను, కొయ్య ముందు కూడా దానికోసమే ఆగింది. అందుకే ఆయన గీత అంత నున్నగా ఉంది, అంత కిందికీ ఉంది. నేను ఇన్నాళ్ళూ ఆ నిలకడను చూసి నిజమనుకున్నాను. నిలకడగా చెప్పిన తప్పు కూడా తప్పే.

ఓవర్సీరుగారి దగ్గరికి పోయి చెప్పాను. ఆయన పూర్తిగా విననే లేదు.

"మీ అక్క పొలం కోసం సముద్రాన్నే లేపతా ఉండావే" అన్నారు. షెడ్డులో ఉన్నవాళ్ళు నవ్వారు. "కట్ట ఎత్తు పెరిగితే ఎవరికి లాభమో ఈడ అందరికీ తెలుసు. నీకు నువ్వే పైకి చదివి, ఆయన కిందికి చదివినాడంటే ఎట్టా?"

కళ్ళలో నీళ్ళొచ్చాయి, కోపంతో. ఏడుస్తున్నానని అనుకుంటారేమోనని ఇంకా కోపమొచ్చింది. "సాపు ప్రతి నేను రాయను సార్. ఇంకొకరు రాసినా దాని మీద సంతకం పెట్టను" అన్నాను.

"నీది తాత్కాలికం ఉద్యోగం. గుర్తుండాదా?"

"ఉంది సార్. సంతకం మాత్రం తాత్కాలికం కాదు."

దారిలో నడుస్తూ ఆలోచిస్తే, ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క నిజం కనిపించింది. అక్క చౌడు మడిని రోజూ చూస్తున్న నా కన్ను కూడా తెలియకుండా పైకి లాగుతూ ఉండొచ్చు. పెద్దాయన కన్నును శంకించి, నా కన్నును వదిలేస్తే అది శాస్త్రం కాదు, పొగరు. కాబట్టి నా కన్నును అందులోంచి తీసేయాలనుకున్నాను.

అక్క వంటింట్లోంచి ఒక కంచం, గరిటె తీసుకుని మొగకు పోయాను. చదివేది పెద్దాయనే. నేను కొయ్యకు వీపు తిప్పి, పొలాల వైపు తిరిగి, చేతి గడియారం చూస్తూ కూర్చుంటాను. గంట నిండే నిమిషం రాగానే కంచం మీద గరిటెతో కొడతాను. మోత వినపడగానే ఆయన ఏ గీత కనపడితే ఆ గీత చెప్పాలి. ఆ తర్వాత ఆయన పద్ధతిలో ఆగి, రెండోసారి చదవాలి. రెండూ పక్కపక్కనే రాస్తాను.

పెద్దాయనకు కష్టం తోచింది.

"గుడ్డోడి మాదిరి చెప్పమంటావా? నలభై ఏండ్లు చూసిన కన్ను ఇది."

"మీ కంటికేం లోటు లేదు పెద్దయ్యా. మీ ఓపికే ఎక్కువైంది."

కాసేపు కంచం వైపు, నా వైపు చూసి నవ్వాడు. "సరే కొట్టు. కంచం ఏడ్చిందాకా కొట్టు" అన్నాడు.

అమావాస్య నుంచి పున్నమి దాకా, నా వంతు రోజుల్లో, ఎండలో కూర్చుని కంచం కొట్టాను. పీతలు ఏరే ఆడవాళ్ళు మమ్మల్ని చూసి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. మా బావ కూడా ఊళ్ళో తలెత్తుకోలేకున్నానన్నాడు. అక్క ఆయనకు ఏం చెప్పిందో గాని మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. తిరగాలని ఎంత ఉండేదో నాకే తెలుసు.

లెక్క తేలింది. మోతకు చెప్పిన అంకెలు నా అంకెల్లాగే ఎగిరెగిరి పడ్డాయి. వాటితో కట్టిన పోటు నా పోటు మీదే వచ్చి కూర్చుంది. ఆగి చదివినవి అరడుగు కిందే ఉన్నాయి. కన్ను రెంటిలోనూ ఆయనదే. మారిందల్లా ఆగడం ఒక్కటే. మోతకు చదివినవీ నావీ కలిపి అంచనా కట్టి, దాని పక్కన 'అటూ ఇటూ రెండంగుళాలు' అని రాసి సంతకం పెట్టి, నెల్లూరు నుంచి పెద్ద ఇంజనీరుగారు తనిఖీకి వచ్చిన రోజు నేరుగా ఆయన చేతికే ఇచ్చాను. ఓవర్సీరుగారి ముఖం కందగడ్డ అయింది. అయితే అయింది.

నాకు భయమల్లా పెద్దాయన గురించే. నలుగురిలో ఆయన కొలత తప్పని చెప్పడం ఆయన పరువు తియ్యడమే. ముందురోజే ఆయనతో చెప్పాను. తుండు దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు.

షెడ్డులో పెద్ద ఇంజనీరుగారు ఆయన్నే ముందు పిలిచారు.

"ఏమయ్యా, నువ్వు తప్పు చదివావా?"

"తప్పు చదవలేదు దొరా" అన్నాడు పెద్దాయన. ఆయన చేతులు కట్టుకుని, నేల చూడకుండా ఇంజనీరుగారి కళ్ళలోకే చూస్తూ చెప్పాడు. "నేను చదివింది తెప్పకు సరిపోతాది. తెప్ప అల దిగిందాకా ఆగతాది. కట్ట ఆగదు గదా దొరా. ఎంత అలొచ్చినా ఆణ్ణే నిలబడి ఉండాల. కట్టకైతే ఈ పాప కొట్టి చదివించిందే సరి."

అంత ధైర్యంగా మాట్లాడిన మగవాణ్ణి నా జీవితంలో తక్కువ చూశాను. తన నలభై ఏళ్ళ చూపుకు ఎక్కడ హద్దో తానే చెప్పుకున్నాడు. డిగ్రీలున్న వాళ్ళకు చేతకాని పని అది.

పెద్ద ఇంజనీరుగారు నా వైపు తిరిగారు. "ఈ పొలాల్లో మీవాళ్ళ పొలం ఉందట?"

"ఉందండి. అందుకే కొయ్యకు వీపు తిప్పి కూర్చున్నాను."

ఆయన కాగితం మళ్ళీ చూశారు. "ఈ అటూ ఇటూ ఏమిటి? కట్ట పోసేవాడికి ఒక్క అంకె కావాలి. నీకు తెలుసా, తెలియదా?"

"తెలుసండి. ఎంత తెలియదో కూడా తెలుసు. ఆ రెండంగుళాలు కొట్టేస్తే నాకు తెలియనిది కూడా తెలుసని అబద్ధం చెప్పినట్టు. కొట్టేసేటట్లయితే నా సంతకం కూడా కొట్టేయండి."

ఓవర్సీరుగారు ఏదో అనబోయారు. పెద్దాయన దగ్గాడు. ఇంజనీరుగారు కలం తీసి నా అంకెకు రెండంగుళాలు కలిపి కింద గీత గీశారు. టీ అడిగారు.

కట్ట ఆ గీత ప్రకారమే పోశారు. దానిపైన అలల తుంపరకని ఎప్పటిలా ఒక అడుగు అదనం. ఇసుకమట్టి కట్ట గనక ఆ అడుగు రెండు వానలకు కుంగిపోతుందని మా బావకు కూడా తెలుసు. నా ఉద్యోగాన్ని మాత్రం తనిఖీ జరిగిన నెలతోనే ఆపేశారు. కారణం అడిగితే పని అయిపోయిందన్నారు. షెడ్డులో ఇంకా కట్టాల్సిన లెక్కల బీరువా సగం కూడా ఖాళీ కాలేదు. పోనీలెమ్మని కోవూరు తిరిగొచ్చి ఒక బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకున్నాను. ఆ సంతకానికి ఆ ఉద్యోగం పోవడం నాకు ఏ రోజూ ఎక్కువనిపించలేదు.

మూడో ఏడు కార్తీకంలో అక్క దగ్గరికి పోయి ఉన్నాను. మడిలో అప్పుడే నాట్లు అయ్యాయి. తూర్పుగాలి మూడు రోజులుగా ఆగకుండా కొడుతోంది. పున్నమి నాడు ఉదయం ఊరంతా ఇసుక బస్తాలతో కట్ట మీదికి చేరింది. ఓవర్సీరుగారు కూడా వచ్చారు. కట్ట అనుకున్నట్టే అడుగు కుంగి, ఇంజనీరుగారి గీత దగ్గరికి దిగి ఉంది. తూము గోడ మీద రంగుతో రాసిన మట్టాలు కనిపిస్తున్నాయి. నేను వాటినే చూస్తూ నిలబడ్డాను.

నీళ్ళు నేను చెప్పిన అంకె దగ్గరికి వచ్చాయి. ఆగలేదు. ఒక అంగుళం పైకెక్కాయి. అక్క నా చెయ్యి పట్టుకుంది, నొప్పి పుట్టేటట్టు. ఇంకో అర అంగుళం ఎక్కాయి. అక్కడ నిలబడ్డాయి. గంటసేపు ఎక్కకుండా, దిగకుండా కట్ట పెదవి కింద ఊగుతూ ఉండి, తర్వాత మెల్లగా వెనక్కి జారాయి. ఒక్క పోటుతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. ఎవరు రుజువంటే వాళ్ళతో నేనే వాదించేదాన్ని. కానీ ఆ గంటలో నాకు శాస్త్రం గుర్తు రాలేదు.

అక్క చెయ్యి వదిలేసి కట్ట దిగి మడిలోకి పోయింది. నాట్ల మధ్య వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకుని నోట్లో పోసుకుంది. ఉమ్మేయలేదు. మింగింది. మా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఉప్పు లేదు.

నా పక్కన ఓవర్సీరుగారు తూము గోడ మీది రంగు గీతనూ, తడి గీతనూ మార్చి మార్చి చూస్తున్నారు.

"నీ అంకె ఒకటిన్నర అంగుళం తప్పిందే" అన్నారు.

"అవును సార్, తప్పింది" అన్నాను. "నేను రాసిన రెండంగుళాల్లోనే తప్పింది. అది కూడా రాసుకోండి."